చేతులు లెక్కపెట్టిన ఆదివారం

నర్మద మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్లకే సరిగా వినపడదు. అదే చేతికి పేపరు ఇస్తే అశోక్‌నగర్ చౌరస్తా అవతలున్న చాయ్ బండి దాకా వినపడుతుంది. పేపర్లో మాటలు తనవి కావు కదా. ఎవరో రాసినవాటికి తనెందుకు సిగ్గుపడాలి?

పాలమూరు జిల్లాలో ఊరి బడిలో పదో తరగతి పాసై, తొంభైలో ఎండాకాలం పట్నం వచ్చింది. మురుగు నాలా పక్క బస్తీలో రేకుల ఇల్లు. నాయిన మాసయ్యది తాపీ పని. అమ్మ ఆశమ్మ తట్టలతో సిమెంటు మాలు మోసేది. నర్మద నారాయణగూడలో సర్కారు కాలేజీలో ఇంటర్‌లో చేరింది. కాలేజీకి వెళ్లే ముందు, పొద్దున ఆరు గంటలకు, కూలీల అడ్డా మీద పేపరు చదవడం ఆమె పని. తట్టలు, పారలు, సద్ది గిన్నెలు పట్టుకుని కూలీలు వరసగా కూర్చుంటారు. మేస్త్రీలు వచ్చి పనికి పిలుచుకుపోయేలోపు అరగంట చదవాలి.

ఈ పద్ధతి పెట్టింది రామచంద్రం సారు. పదకొండేళ్లుగా భవన కార్మికుల సంఘానికి ఆయనే కార్యదర్శి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎండలో వానలో అదే పాత స్కూటరు. పోలీసులు అడ్డా లేపేయడానికి వస్తే లాఠీకి ఎదురెళ్లి రెండుసార్లు తల పగలగొట్టించుకున్న మనిషి. బస్తీలో ఆయన మాటంటే మాటే. ఆయన పార్టీ పేపరు తెచ్చి, ఏది చదవాలో దాని పక్కన నీలం పెన్సిలుతో గీత పెట్టి ఇచ్చేవాడు. గీత ఉన్నవి నర్మద చదివేది. లేనివి వదిలేసేది.

గీతలు ఎక్కువగా రష్యా వార్తల పక్కనే ఉండేవి. అక్కడ తాపీ పని చేసేవాడికీ ఇల్లు ఉంటుంది. రోగమొస్తే డాక్టరు పైసా అడగడు. అక్కడ అడ్డాలే ఉండవు. పనే మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. నర్మద ఇవన్నీ చదువుతుంటే మాసయ్య కళ్లు మూసుకుని వినేవాడు. తన బిడ్డ గొంతులోంచి ఆ దేశం వస్తుంటే ఆయన మొహం వెలిగిపోయేది.

"ఆడ గూడ మేస్త్రి ఉంటడా బిడ్డా?" అని అడిగింది ఒకరోజు బుగ్గమ్మ. అరవై దాటినా తట్ట దించని ముసలమ్మ. నోరు మాత్రం ఇరవై ఏళ్లది.

"ఉంటడేమో అవ్వా."

"వానికి గూడ ఇల్లిస్తరా?"

"అందరికీ ఇస్తరట."

"అగో, గదే తప్పు. మేస్త్రికి ఇల్లెందుకు?"

అందరూ నవ్వారు. రామచంద్రం సారు కూడా నవ్వాడు. అట్లా నవ్విన రోజులూ ఉన్నాయి.

తొంభై ఒకటి ఆగస్టులో ఒక మంగళవారం రామచంద్రం సారు స్కూటరుకు పెద్ద సంచీ తగిలించుకుని వచ్చాడు. సంచీలో బూందీ లడ్డూలు. చిక్కడపల్లి మిఠాయి దుకాణాన్ని పొద్దున్నే తలుపు కొట్టి తెరిపించాడట. పేపరు మొదటి పేజీ పొడుగునా నీలం గీత.

"చదువమ్మా, గట్టిగ చదువు" అన్నాడు. 

నర్మద చదివింది. సోవియట్ అధ్యక్షుడిని పదవి నుంచి తప్పించారు. ఎనిమిది మంది కమిటీ అధికారం తీసుకుంది. సోషలిజాన్ని కాపాడుకోవడానికి రాజధాని వీధుల్లోకి టాంకులు వచ్చాయి.

"గీ ఆరేండ్ల సంది ఆ మనిషి ఇల్లు గుల్ల చేసిండు. ఇప్పుడు సక్కగైతది. తినుండ్రి" అంటూ రామచంద్రం సారు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లడ్డూ పెట్టాడు.

"అధ్యక్షుడెట్ల దిగిండు, ఎవ్వలన్న కొట్టిండ్రా?" బుగ్గమ్మ అడిగింది.

"సెలవు మీద పోయి ఉన్నడు. ఆడనే ఉంచిండ్రు."

"అయ్యో, సెలవు పెడితే నౌకరి పోవుడు ఆడ గూడ ఉందీ?"

మళ్లీ నవ్వులు. మాసయ్య తన లడ్డూ సగం విరిచి నర్మదకు పెట్టాడు. నర్మద తిన్నది. తియ్యగానే ఉంది.

రెండు రోజులు రామచంద్రం సారు రాలేదు. శుక్రవారం ఆలస్యంగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పేపరు మడిచి ఇచ్చాడు. రష్యా వార్త పక్కన గీత లేదు. సిమెంటు బస్తా ధర పెరిగిన వార్త దగ్గర ఒకటుంది, బీడీ కార్మికుల ధర్నా దగ్గర ఒకటుంది. నర్మద మడత విప్పి చూసింది. లోపలి పేజీలో, మూలన, చిన్న డబ్బాలో ఉంది. కమిటీ పడిపోయింది. జనం టాంకులకు అడ్డం పడుకున్నారు. ఎనిమిది మందిలో కొందరిని పట్టుకున్నారు. అధ్యక్షుడు తిరిగి వచ్చాడు.

సిమెంటు ధర చదివింది. బీడీ ధర్నా చదివింది.

"ఆ ఎనిమిది మంది ఎట్లున్నరు బిడ్డా?" అని తిమ్మమ్మ అడిగింది. తట్ట పని చేసే మనిషి. ఆశమ్మకు జతగత్తె. మామూలుగా ఏమీ అడగదు.

నర్మద రామచంద్రం సారు వైపు చూసింది. ఆయన తల కొంచెం అడ్డంగా ఊపాడు.

"బాగనే ఉన్నరు" అంది నర్మద.

ఆ మాట ఏ పేపర్లోనూ లేదు. ఎవరూ రాసి ఇవ్వలేదు. అది నర్మద సొంతంగా చెప్పిన అబద్ధం. కాలేజీకి నడుస్తుంటే నారాయణగూడ దాకా చెవులు కాలుతూనే ఉన్నాయి. అడగని మనిషి ఒక్కసారి అడిగింది. ఆ ఒక్కసారే తను మోసం చేసింది. మళ్లీ ఎవరూ రష్యా గురించి అడగలేదు. అడగకపోవడం మరీ కోపం తెప్పించింది. వీళ్లకు తెలిసిపోయిందా? తెలిసి కూడా తన మొహం చూసి ఊరుకుంటున్నారా?

అక్టోబరులో మాసయ్య పడ్డాడు.

అశోక్‌నగర్‌లో పాత బంగళా కూలగొట్టి వీరరాఘవరావు అనే బిల్డరు అపార్ట్‌మెంట్ కడుతున్నాడు. రెండో అంతస్తు బయటి గోడకు సిమెంటు పూత. పరంజా కర్రలకు కట్టిన తాళ్లు వానలకు నాని కుళ్లిపోయాయని మాసయ్య మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాడు. నాలుగో రోజు తాడు తెగింది. ఇటుక ముక్కల కుప్ప మీద పడ్డాడు. ఎడమ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. సర్కారు దవాఖానలో ఇరవై ఆరు రోజులు. కాలు అతికింది కానీ రెండంగుళాలు పొట్టిదైంది. చంకలో కర్ర లేకుండా నిలబడలేడు. తాపీ పట్టిన మనిషి ఇక పరంజా ఎక్కేది లేదు.

వీరరాఘవరావు సూపర్‌వైజరు దవాఖానకు వచ్చి ఒక్క మాట చెప్పిపోయాడు. మాసయ్య అనేవాడు ఆ రోజు తమ సైటులో పనికే రాలేదట. హాజరు పుస్తకంలో పేరు లేదట. ఎక్కడ తాగి పడ్డాడో తమకు తెలియదట.

మాసయ్య జన్మలో కల్లు కూడా ముట్టలేదు.

"ఫికర్ చెయ్యకు. సంఘం ఉన్నది గదా" అన్నాడు మాసయ్య, ఎముక కుదరడానికి కాలికి ఇటుకలు వేలాడగట్టుకుని మంచం మీద పడి. "రామచంద్రం సారు ఊకుంటడా? పని బందు పెట్టిస్తడు. సైటులో పడ్డడని వాళ్లతోనే రాయిపిస్తడు."

రామచంద్రం సారు వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. మాసయ్య చెయ్యి పట్టుకున్నాడు. "జర టైం చూసి అడుగుదాం మాసయ్యా. ఇప్పుడు మన టైం బాగలేదు" అన్నాడు.

నవంబరు గడిచింది. టైం రాలేదు. నారాయణగూడ గల్లీలో సంఘం ఆఫీసు ఉన్న గదిని ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు. సంఘం బెంచీలు, జెండాలు, పాత పత్రికల కట్టలు ఎక్కడికి పోతాయా అని నర్మద అనుకునేలోపే జాగా దొరికింది. వీరరాఘవరావు కడుతున్న అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టే చోటు పక్కన, ఒక గది. కిరాయి వద్దన్నాడట. "కార్మికులంటే ఆయనకు గౌరవం" అని రామచంద్రం సారు అడ్డా మీద చెప్పాడు.  బుగ్గమ్మ మెటికలు విరిచింది.

ఆశమ్మ ఇప్పుడు మాలు మోస్తూనే సాయంత్రాలు చిక్కడపల్లిలో బాలకిషన్ గారింట్లో గిన్నెలు తోముతోంది. బ్యాంకులో పెద్ద నౌకరి ఆయనది. మూడు తరాలుగా ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్లు. డిసెంబరు చివర్లో ఆశమ్మకు జ్వరమొస్తే నర్మద తోమడానికి వెళ్లింది. హాల్లో టీవీ నడుస్తోంది. బాలకిషన్ గారు కుర్చీలో కూర్చుని పిలిచాడు.

"ఏమమ్మా, మాసయ్య బిడ్డవు గదా నువ్వు? రా, చూడు. మీ జెండా దించేసిండ్రు. ఆ దేశమే లేదిగ."

నర్మద గిన్నె చేతిలో పట్టుకునే చూసింది. రాత్రి. మంచు. పెద్ద గోపురం మీంచి ఎర్ర జెండా కిందికి జారుతోంది. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ అరవడం లేదు. పక్కన నడిచిపోయేవాళ్లు కొందరు తల ఎత్తి చూసి నడిచిపోతున్నారు.

"డెబ్భై ఏండ్లు! ఒకటే పార్టీ, ఒకటే మాట. ఏమైంది?" బాలకిషన్ గారు పకపకా నవ్వాడు. "ఇంక మీవోళ్లు జిందాబాద్‌లు బంద్ చేసి సక్కగ పని చేసుకుంటే మంచిది. మీ నాయినకు చెప్పు."

నర్మద ఒళ్లంతా మండింది. మావోళ్లు పని చేయకపోతే ఈ చిక్కడపల్లిలో మేడలన్నీ ఎవరు కట్టారు? మా నాయిన పని చేస్తూనే పడ్డాడు కదా! ఈ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని మింగేసి గిన్నెల దగ్గరికి వెళ్లి, మసి పట్టిన గంజును పీచుతో తోమింది. మసి పోయినా తోమింది. వేలి చర్మం లేచింది.

నవ్వేవాడి మీద కోపం సగమే. మిగతా సగం ఎవరి మీదో తెలియలేదు. అంత పెద్ద దేశం పోతుంటే దాని జనం ఒక్కరైనా ఎందుకు అడ్డం రాలేదు? ఆగస్టులో టాంకులకు అడ్డం పడుకున్నవాళ్లు ఉన్నారు కదా, ఇప్పుడు జెండాకు అడ్డం పడుకునేవాళ్లు ఎందుకు లేరు? అందరికీ ఇల్లు, అందరికీ డాక్టరు అని తను చదివింది. అవి చెడ్డ మాటలా? కావు. ఇప్పటికీ కావు. మరి ఆ మాటలను ఎవరు తినేశారు?

మరుసటి రోజు నేరుగా ఆ కొత్త ఆఫీసు గదికి వెళ్లింది. రామచంద్రం సారు ఒక్కడే ఉన్నాడు. గోడలకు ఇంకా తడి ఆరలేదు. ఏదో రాసుకుంటున్నాడు.

"వచ్చినవా. నేనే కబురు పెడ్దామనుకున్న" అన్నాడు. "ఆదివారం మహాసభ. వార్షిక నివేదిక నువ్వే చదవాలె." నాలుగు కాగితాలు చేతికిచ్చాడు.

నర్మద అక్కడే నిలబడి చదివింది. మూడో కాగితంలో ఆగిపోయింది. వేలితో ఆ వాక్యం చూపించింది.

'ఈ సంవత్సరం మన సభ్యులు పనిచేస్తున్న ఏ కట్టడంలోనూ ఒక్క ప్రమాదం కూడా జరగలేదని సంతోషంతో తెలియజేస్తున్నాము.'

"మా నాయిన..." అంది.

రామచంద్రం సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా. చదువుకున్న పిల్లవు, నీకు చెప్తే అర్థమైతది. లోకమంత మనల్ని చూసి నవ్వుతున్నది. శత్రువు సందు కోసం చూస్తున్నడు. ఇట్లాంటప్పుడు మన లోపల లొల్లి పెట్టుకుంటే సంఘమే మిగలది. సంఘం లేకుంటే మీ నాయినకు ఎవరున్నరు? ముందు సంఘాన్ని కాపాడుకోవాలె. మీ నాయినది తర్వాత చూద్దాం. ఆయన పార్టీ మనిషి. అర్థం చేసుకుంటడు."

"తర్వాత ఎప్పుడు సార్?"

అడిగానని నర్మద అనుకుంది. నిజానికి గొంతు దాటలేదు. కాగితాలు మడుచుకుని బయటికి వచ్చింది.

ఇంట్లో చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చేసుకుంది. ఉపాయం కాదు, పిరికితనం. ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. నాయిన వింటాడు. విని ఊరుకుంటాడా? కర్ర పట్టుకుని లేచి, నేను పడలేదా సారూ అని అడుగుతాడు. అప్పుడు అందరూ లేస్తారు. తను నోరు తెరవనక్కర్లేదు.

మహాసభ చిక్కడపల్లిలో ఒక కమ్యూనిటీ హాలులో. గోడ పొడుగునా ఎర్ర బట్ట. చాపల మీద డెబ్భై ఎనభై మంది. బయట వంటవాళ్లు పెద్ద డేగిశాలో పులిహోర కలుపుతున్నారు. వాసన హాలంతా నిండింది. మాసయ్య కాలు మడవలేడు కాబట్టి గోడకు ఆనించి స్టూలు వేశారు. ముందు వరసలో ఒకటే కుర్చీ. అందులో వీరరాఘవరావు. మెడలో బంతిపూల దండ. కార్మికుల సభలో బిల్డరుకు దండ వేయడం నర్మద కళ్లతో చూసింది. వేసింది రామచంద్రం సారు.

నర్మద లేచి చదివింది. గొంతు ఎప్పటిలాగే ఖంగున మోగింది. మొదటి కాగితం ప్రపంచ పరిస్థితి: సోవియట్ నేలమీద సోషలిజం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. రెండో కాగితం దేశం. మూడో కాగితం సంఘం. ఆ వాక్యం వచ్చింది. ఒక్కొక్క మాట విడివిడిగా, నెమ్మదిగా చదివింది. చదివి తల ఎత్తి నాయిన వైపు చూసింది.

మాసయ్య విన్నాడు. విన్నట్టు తెలుస్తూనే ఉంది. కనురెప్ప ఒకసారి కొట్టుకుంది. చూపు కాలి మీదికి పోయింది. అంతే. లేవలేదు.

చివరి కాగితంలో కొత్త కమిటీ పేర్లు. పోయినేటివే, ఏటా చదివేవే. కార్యదర్శి, రామచంద్రం. ఆమె ముగించగానే ఆయన లేచాడు. "నివేదికను, కమిటీని ఆమోదించేటోళ్లు చేతులెత్తుండ్రి."

ఆయన మాట పూర్తి కాకముందే హాలంతా చేతులు లేచాయి. పదకొండేళ్లుగా అలాగే లేస్తున్నాయి. చేతులెత్తితే సభ అయిపోతుంది, పులిహోర పెడతారు. గోడ పక్కన, స్టూలు మీద, చంక కర్రను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తాడు మాసయ్య.

నర్మద ఆ చెయ్యి వైపే చూసింది. నువ్వు పడలేదని రాసిన కాగితానికి నువ్వే చెయ్యెత్తుతావా నాయినా? డెబ్భై ఏళ్లు అక్కడ కూడా చేతులు ఇలాగే లేచి ఉంటాయి. అన్నం కోసమో, అలవాటుకో, భయానికో. అందరూ మనవాళ్లేనని పైవాళ్లు అనుకుని ఉంటారు. అందుకే పోయేటప్పుడు ఒక్కడూ అడ్డం రాలేదు. చెయ్యెత్తింది ఒక్కనాడూ వాళ్ల మనసు కాదు.

"ఏకగ్రీవం" అన్నాడు రామచంద్రం సారు. చప్పట్లు కొట్టడానికి వీరరాఘవరావు రెండు చేతులూ కలిపాడు.

"లెక్కపెట్టండి సార్."

ఎవరిదా గొంతు అని అందరూ చూశారు. నర్మద కూడా ఒక క్షణం అలాగే అనుకుంది.

"ఏంది?"

"చేతులు. లెక్కపెట్టండి."

"లెక్కెందుకమ్మా, కనపడుతలేదా? మనది ఎన్నడు లెక్కపెట్టుకునే సంఘం కాదు. కూసో."

"పిల్ల లెక్కపెట్టమంటుంది గద, లెక్కపెట్టు సారూ" అని వెనక నుంచి బుగ్గమ్మ. "దినాం ఇటుకలు లెక్కపెట్టిపిచ్చుకుంటరు మాతోని. చేతులు లెక్కపెడ్తే అరుగుతయా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నర్మదకు ఆ నవ్వు ఆసరా అయింది. కాగితాలు అక్కడే పడేసి, చాపల మధ్య నుంచి నడిచి నాయిన ముందు నిలబడింది.  

"నాయినా, ఈ ఏడు ఎవ్వలు పడలేదని రాసిండ్రు. నువ్వు పడ్డవా, లేదా?"

మాసయ్య చెయ్యి ఇంకా పైనే ఉంది. "గిప్పుడు గవన్ని ఎందుకు బిడ్డా? సభల..."

"పడ్డవా, లేదా?"

"పడ్డ."

"మరి చెయ్యెందుకు లేపినవ్?"

మాసయ్య తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "లేపుమంటే లేపుడే గదా బిడ్డా, ఇన్నేండ్ల సంది" అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాక ఆయనకే ఎలాగో అయింది. మొహం నల్లబడింది. చెయ్యి మెల్లగా కిందికి వచ్చింది.

రామచంద్రం సారు బల్ల మీద గట్టిగా కొట్టాడు. "ఇది క్రమశిక్షణ లేని పని! నువ్వు సభ్యురాలివి కాదు. చదువుమన్నది చదివి కూసోవాలె. నీకు చదివే అవకాశం ఇచ్చిందెవరు?"

"చదివిన సార్. మీరు గీత పెట్టిందల్ల చదివిన." నర్మద హాలు వైపు తిరిగింది.  "గీత పెట్టనిది గూడ కండ్లతోని చదివిన. గా ఎనిమిది మంది బాగున్నరని చెప్పిన. బాగలేరు. గా దేశమే లేదు. తిమ్మమ్మ అత్తా, నేను నీకు అబద్ధం చెప్పిన. ఇగ చెప్ప. ఒప్పుకునేటోళ్లను లెక్కపెట్టుండ్రి. ఒప్పుకోనోళ్లను గూడ అడుగుండ్రి. పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న అడిగిండ్రా?"

 వీరరాఘవరావు మెడలోంచి దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏమిటండీ రామచంద్రం గారూ, ఇదా మీ సభ?" అని మెల్లగా అన్నాడు.

ఆ మెల్లటి మాటే రామచంద్రం సారు మొహంలో నెత్తురు లేకుండా చేసింది. ఆయన లెక్కపెట్టలేదు. నర్మదే లెక్కపెట్టింది. వరస వరసకూ నడుస్తూ, వేలు చూపిస్తూ, పైకి అంటూ లెక్కపెట్టింది. చెయ్యెత్తి ఉంచడం కొందరికి నొప్పి పుట్టి దించేశారు. కొందరు పక్కవాడిని చూసి మళ్లీ ఎత్తారు. తిమ్మమ్మ తల దించుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, చెయ్యి మాత్రం ఎత్తే ఉంచింది. ఆమె మొగుడు వీరరాఘవరావు సైటులోనే వాచ్‌మన్. నర్మద ఆమెను కూడా లెక్కపెట్టింది. మొత్తం నలభై తొమ్మిది.

"ఒప్పుకోనోళ్లు?"

 మొదట మూలన ఆశమ్మ చెయ్యెత్తింది. ఇంకా జ్వరం పూర్తిగా పోలేదు.  తర్వాత బుగ్గమ్మ, రెండు చేతులూ.

"ఒక్కటే లేపాలె అవ్వా."

"ఒకటి నాది. ఒకటి చచ్చిపోయిన నా మొగనిది. ఆడు గూడ గీ సంఘమే."

"ఒక్కటే."

ఒకటి దించింది. ఇద్దరు, ముగ్గురు, మెల్లగా పదకొండు మంది. పన్నెండోది మాసయ్యది. అదే చెయ్యి. ఈసారి ఎత్తడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

నివేదిక నెగ్గింది. రామచంద్రం సారు "మెజారిటీ" అన్నాడు. ఆ మాట ఆ హాలులో ఎవరూ అంతకు ముందు వినలేదు. పులిహోర పెట్టారు. పన్నెండు మంది తినకుండా బయటికి వచ్చారు. "తిని పోతే ఏమైతుండె, మన చందాతోనే గదా వండిండ్రు" అని బుగ్గమ్మ గల్లీ చివరిదాకా గొణుగుతూనే ఉంది.

సోమవారం పొద్దున ఆ పన్నెండు మంది అడ్డా మీదికి పోలేదు. వీరరాఘవరావు సైటు గేటు ముందు ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. లారీ లోపలికి పోవాలంటే వాళ్లు లేవాలి. మాసయ్యను రిక్షాలో తెచ్చి దించారు. లోపల మిగతావాళ్లు పని మొదలుపెట్టారు. నిన్న నివేదికకు చేతులెత్తినవాళ్లే. గేటు వైపు చూడకుండా మాలు కలుపుతున్నారు. రోడ్డు అవతల రామచంద్రం సారు స్కూటరు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. ఇటు రాలేదు, వెళ్లిపోనూ లేదు.

తొమ్మిదింటికి వీరరాఘవరావు కారు వచ్చింది.

"ఎవరయ్యా మీ నాయకుడు?" అన్నాడు దిగుతూ.

 నర్మద నాయిన భుజం తట్టింది. మాసయ్య కర్ర పట్టుకుని లేచాడు. రెండో అంతస్తు కిటికీ పక్కన సగం పూత పూసి ఆగిపోయిన గోడ వైపు చెయ్యి చాపాడు.

"గాడికెల్లి పడ్డ. మూడు దినాలు చెప్పిన తాడు కుళ్లిందని. నీ సూపర్‌వైజరుకే చెప్పిన. పడ్డంక నన్ను ఇటుక పెళ్లల మీదికెల్లి లేపి ఆటోల ఏసిందిగూడ మనోళ్లే."

"హాజరు పుస్తకంలో నీ పేరే లేదు. పడ్డావని చూసినవాళ్లెవరు? వీళ్లా?" వీరరాఘవరావు ఇసుక మీదివాళ్లను చూసి నవ్వాడు. "వీళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు ఇక్కడ పనిలో లేరు. నాకు తెలుసు. ఎవరు చూశారో చెప్పు."

మాసయ్య ఇసుక మీదివాళ్ల వైపు చూశాడు. అది నిజమే. ఆ రోజు ఇక్కడ పనిలో ఉన్నవాళ్లంతా ఇప్పుడు లోపలే ఉన్నారు.

నర్మద తల ఎత్తి పైకి చూసింది.  కళ్లు దించలేదు. మొదటి అంతస్తులో మాలు కలిపే పార చప్పుడు ఆగింది. పైన స్లాబు అంచున తిమ్మమ్మ నిలబడి ఉంది. తల మీద తట్ట, తట్టలో మాలు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, సిమెంటు నీళ్లు చెంప మీదుగా కారుతున్నాయి.

"నేను జూసిన" అంది తిమ్మమ్మ.

"ఏయ్, నువ్వు పని చూసుకో!" కింద నుంచి సూపర్‌వైజరు అరిచాడు. గేటు దగ్గర నిలబడ్డ ఆమె మొగుడు భయంతో పైకి చూశాడు.

తిమ్మమ్మ తట్టను స్లాబు మీద ధబేలుమని దించింది. "నా పక్కకెల్లే పడ్డడు. తాడు తెగిన సప్పుడు గూడ ఇన్న" అంది. మెట్లు దిగడం మొదలుపెట్టింది.